తలకిందుల చదువు

మొన్న సిద్దిపేటలో చెవుల డాక్టరు నా తలను అటూ ఇటూ తిప్పి చూసి, ఇకమీదట చెప్పులు తొడుక్కోవడానికైనా వంగవద్దనీ, వంగితే కళ్ళు తిరిగి పడిపోతాననీ చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఒకప్పుడు తలకిందులుగా ఉండడం నేర్చుకోవడానికే నేనెంత అవస్థ పడ్డానో ఆ కుర్ర డాక్టరుకేం తెలుసు!

మాది కొండపాక దగ్గరి పల్లె. మా నాన్న, అంటే బాపు, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. విమానం నడిపే శిక్షణకు ఎంపికైన నేను ఎగరడం, దిగడం బాగానే నేర్చుకున్నాను గానీ, విమానాన్ని వెల్లకిలా తిప్పి అలాగే ముందుకు నడిపించే పాఠం దగ్గర చిక్కుకుపోయాను. మామూలుగా చేతిలోని కర్రను వెనక్కి లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది. తలకిందులైనప్పుడు అదే లాగుడు మనల్ని నేలకేసి తీసుకుపోతుంది కనుక ముందుకు నెట్టాలి. ఈ మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, పట్టీలకు వేలాడుతూ, నెత్తురంతా ముఖంలోకి దిగి, కాళ్ళ కింది దుమ్ము కళ్ళలో పడగానే నా చేయి కర్రను లాగేసేది. అలా చేయబోయిన రెండుసార్లూ వెనక సీట్లోని మా గురువుగారే అందుకుని సరిచేశారు. ఇంటికి వెళ్ళి పదిరోజులు ఉండి రమ్మనీ, మూడోసారీ తప్పితే ఇక శిక్షణ నుంచి పంపేయక తప్పదనీ ఆయన నెమ్మదిగానే చెప్పారు. ఆ నెమ్మదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బాపు అంతా విని ఓదార్చలేదు, కోప్పడలేదు.

"నీకు దెల్సు గని నీ చెయ్యికి దెల్వదు, గంతేనా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాటిచెట్లెక్కే మోకుతాడుతో నన్ను పశువుల కొట్టం దూలానికి తలకిందులుగా కట్టి, పొడుగాటి కర్ర ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "నూకు కొడకా, నూకు!" అంటూ అరవడం, నేను నెట్టడం. గడ్డిమోపుతో వచ్చిన అవ్వ, అంటే మా అమ్మ, చూసి మోపు అక్కడే పడేసింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? పోరన్ని గబ్బిలం లెక్క ఏలాడదీసినవ్!"

బాపు వెనక్కి తిరగనైనా లేదు. "జర ఊకో. పోరడు సదువుకుంటుండు."

మొదటి రెండురోజులు వాంతులయ్యాయి. అయినా ఒక్క పూటైనా మానలేదు. మానాలని అనిపించినా, తన పని చూసుకొచ్చి అలసిన ఒంటితోనే నా ముందు కూర్చునే మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను.

మూడోసారి విమానం తిరగబడ్డప్పుడు భయం అలాగే ఉంది, దుమ్మూ అలాగే పడింది. చేయి మాత్రం ముందుకే నెట్టింది. నేల నెత్తిమీద కదలకుండా నిలిచింది. వెనక నుంచి "ఇంకోసారి" అన్నారు గురువుగారు. ఇంకోసారి, ఆపై మరోసారి చేశాను.

శిక్షణ ముగించి ఇంటికి వెళ్ళినప్పుడు బాపు అడిగినది ఒక్కటే.

"తలకిందులైనప్పుడు మన ఊరు కనవడ్డదా?"

నేనెగిరిన చోటికీ మా ఊరికీ సంబంధమే లేదు. అయినా "కనవడ్డది బాపూ, నువ్వు చెట్టు మీదున్నవ్" అన్నాను. ఆనాటి నుంచి ఎక్కడ విమానం చప్పుడైనా, చెట్టు మీదుంటే కల్లు గీయడం ఆపి మరీ తువ్వాల ఊపేవాడని అవ్వ చెప్పేది.

ఇప్పుడు సిద్దిపేట మీదుగా రోజూ విమానాలు పోతుంటాయి. బజారులో తలెత్తి చూసేవాళ్ళు లేరు. బాపు ఎక్కిన తాటిచెట్లు కొట్టేసి ఆ జాగాలో ప్లాట్ల రాళ్ళు పాతారు. ఆయనకు నిజం చెప్పడానికి నాకు ఎన్నో ఏళ్ళు దొరికాయి, చెప్పలేదు. అందుకు నాకు ఈనాటికీ విచారం లేదు.