నమలకుండా మింగే విద్య

సంగటిని నమలకుండా మింగడం మానవ చరిత్రలో నిప్పు రాజేయడం తర్వాత వేసిన పెద్ద ముందడుగని రాయచోటి వైపు వాళ్ళ గట్టి అభిప్రాయం. రాజ్యాలు పోయాయి, రేడియోలు పోయాయి, ఈ విద్య మాత్రం పోలేదు. ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి, నాలుక మీద పెట్టి వదిలేయాలి. నమిలినవాడు అల్లుడైనా సరే, అక్కడ ఒక మెట్టు కిందే.

ఈ విద్యలో ఆరితేరిన గురమ్మ ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట వంటమనిషి. ఆ ఇంటి పాప హెస్సాను పాలపళ్ళు ఊడే నాటి నుంచి ఆమే సాకింది. పాపకిప్పుడు పన్నెండేళ్ళు. ఎత్తు పళ్ళు సర్దడానికి డాక్టరు తీగలు బిగించాడు. గట్టివీ, జిగటవీ వద్దన్నాడు. ఆపిల్ సన్నగా కోసి పెట్టమన్నాడు. తిన్న ప్రతిసారీ తీగల సందుల్లో బ్రష్ చేయించమన్నాడు. గురమ్మ చిన్న బ్రష్ పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గర కాపలా కాసింది. పిస్తాల డబ్బాను అటక ఎక్కించింది.

వేరుశెనగ పాకం ఉండ కూడా ఈ నిషేధంలోకి వస్తుందని మాత్రం ఆమెకు తట్టలేదు. అది ఊరి నుంచి వచ్చింది. ఊరి నుంచి వచ్చినది పిల్లలకు చెరుపు చేస్తుందని ఆమె ఎన్నడూ వినలేదు. ఏం కాదులే తినమంది. హెస్సా ఒక్క కొరుకు కొరికింది. పంటికి అంటించిన బిళ్ళ ఊడి ఉండలోనే ఉండిపోయింది.

డాక్టరు బిళ్ళ మళ్ళీ అంటించి, తీగను ఇంకాస్త బిగించాడు. పాప దవడ పట్టుకుని ఇంటికొచ్చి, మజ్జిగ తప్ప ఏదీ ముట్టలేదు. ఇంటావిడ, అంటే గురమ్మ పిలుపులో మామా, గొంతు పెంచలేదు. ఇకమీద పాపకు నువ్వేమీ పెట్టొద్దని మెల్లగా చెప్పింది. తిట్టి ఉంటే గురమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

మర్నాడూ పాప తినలేదు. మామా స్వయంగా చేసిన సూప్ చల్లారిపోయింది. చివరికి మామాయే వంటింట్లోకి వచ్చి, నమిలే పని లేనిదేమైనా ఉంటే చూడమంది. గురమ్మ తన గదిలో దాచుకున్న రాగిపిండి తీసింది. సంగటి కెలికి, నెయ్యి వేసి, గోరువెచ్చనయ్యేదాకా ఆగి, కారం లేని పప్పుతో పాప ముందు కూర్చుంది. హెస్సా ఆ చేతిని చూసి పెదాలు బిగించింది.

"నమలాకు పాపా, మింగల్ల అంతే." ఇన్నేళ్ళ సావాసంలో పాపకు ఆ మాత్రం తెలుగు వచ్చు.

"మొన్న కూడా ఏం కాదన్నావు," అంది హెస్సా అరబీలో.

"అన్నా. నాదే తప్పు."

పక్క కుర్చీలో ఉన్న పాప నాయనమ్మ అప్పుడు పళ్ళెం తన వైపు లాక్కుంది. ఆవిడ కట్టుడుపళ్ళు గ్లాసులో ఉన్నాయి. ముద్ద తుంచి, వేలితో గుంట చేసి, పప్పులో ముంచి, నమలకుండా మింగింది. తర్వాత ఇంకో ముద్ద చేసి మనవరాలికి అందించబోయింది. హెస్సా తల అడ్డంగా ఊపి, గురమ్మ వైపు నోరు తెరిచింది.

గురమ్మ చిన్న ముద్ద తుంచి, పప్పులో ముంచి, పాప నాలుక మీద పెట్టింది. ముద్ద లోపలికి పోయింది. ఇంకోటి పోయింది.

"అసీదా బాగుంది," అంది నాయనమ్మ.

అసీదా అంటే అరబ్బుల సంగటే; వాళ్ళింట్లో తరతరాలుగా దాన్ని గోధుమపిండితో చేస్తారు.