ఇన్‌స్పెక్టర్ గారు బయల్దేరారు

ఎం.టెక్. రెండో ఏడు నేనొక ప్రోగ్రాం రాశాను. దాని పని ఊళ్ళు తిరగడం.

తొంభైల చివరి సంవత్సరాలవి. విజయవాడ భవానీపురంలో అద్దెగదిలో ఉండి చదువుకునేదాన్ని. అప్పట్లో కంప్యూటర్ ప్రోగ్రాం అంటే ఏ మెషీన్లో పుడితే ఆ మెషీన్లోనే బతికి, కరెంటు పోతే అక్కడే పోయేది. నాది అలా కాదు. టెలిఫోన్ తీగ పట్టుకుని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్ళి, అక్కడ చూడాల్సింది చూసి, చూసిందంతా మూట కట్టుకుని పక్క ఊరికి బయల్దేరుతుంది. ఇలాంటివాటిని మొబైల్ ఏజెంట్లు అంటారని పుస్తకాల్లో ఉంది. పల్లెటూరి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలన్నీ తమ బాధలు రోజంతా పట్నానికి చెప్పుకుంటూ కూర్చుంటే లైన్లన్నీ వాటితోనే నిండిపోతాయి. అదేదో పట్నం నుంచే ఒకరిని పంపి, కష్టసుఖాలు కనుక్కుని రమ్మంటే సరిపోతుంది కదా అని.

మా అమ్మ ఎలిమెంటరీ స్కూల్ టీచరు. ఇదంతా ఓపిగ్గా విని, "అదేగా మా స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు చేసేదీ?" అంది.

పేరు బాగుంది కదా అని ప్రోగ్రాంకి ఇన్‌స్పెక్టర్ అనే పెట్టాను. ఏ ఊరు చేరినా ముందు బీప్‌మని మోగి, తెర నిండా పెద్ద అక్షరాలతో "ఇన్‌స్పెక్షన్ స్టార్టెడ్" అని చూపించేలా ఒక లైను కూడా రాశాను. ఒకరి కంప్యూటర్లోకి చెప్పకుండా దూరడం మర్యాద కాదనిపించింది. ఆ మర్యాద ఎంత పని చేస్తుందో తెలియడానికి మూడు నెలలు పట్టింది.

ప్రయోగానికి మూడు ఎక్స్ఛేంజీలు దొరికాయి. ఒకటి మైలవరం వైపు, రెండోది కంకిపాడు దాటాక, మూడోది సముద్రానికి దగ్గర. ఊళ్ళ పేర్లు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతారు. మా ఊరి ఫోన్లు ఆ రెండో ఎక్స్ఛేంజీ కిందకే వస్తాయి.

ముందుగా నోట్‌బుక్కు పట్టుకుని బస్సుల్లో తిరిగి, మూడు చోట్లా రెండేసి వారాల ఫిర్యాదులు ఎక్కించుకున్నాను. వాన పడితే గరగర, ఎండ కాస్తే నిశ్శబ్దం. డాక్టరుకి చేస్తే ఎరువుల కొట్లో మోగడం. బ్యాటరీలు నీరసించడం. యంత్రంలోని సర్క్యూట్ కార్డులు వేడెక్కి మూర్ఛపోవడం. నోట్‌బుక్కు చూసి మా గైడు గారి మొహం వెలిగిపోయింది.

"ఇన్ని ఫాల్టులా! వీటిలో సగం నీ ప్రోగ్రాం పట్టుకున్నా చాలమ్మా, నువ్వు గట్టెక్కినట్టే."

గట్టెక్కడం అని ఊరికే అనలేదాయన. నా మొదటి ప్రాజెక్టు హార్డ్ డిస్కుతో సహా పోవడంతో అప్పటికే ఒకసారి గడువు పొడిగించారు. ఈసారి వైవాకి బయటినుంచి వచ్చే పరీక్షకుడు ఒప్పుకోకపోతే డిగ్రీ లేదు. ఆ సంగతి గైడు గారు మెత్తగానే చెప్పారు. గట్టిగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ప్రతి ఎక్స్ఛేంజీలో ఒక పాత కంప్యూటరూ ఒక మోడెమూ పెట్టి వచ్చాను. మొదటి ఊళ్ళో ఎక్స్ఛేంజీ చూసుకునే పెద్దాయన ఆదివారాలు చర్చిలో పాటలు పాడిస్తారు. "మీ ఇన్‌స్పెక్టర్ని ఆదివారం మాత్రం పంపకమ్మా. ఇక్కడ నేనుండను, మర్యాదగా ఉండదు," అన్నారు. రెండో ఊళ్ళో ఆపరేటరు మా అమ్మ వయసు ఆవిడ. మూడో ఊరతను చేపల వ్యాపారం చేసే ఇంటివాడు. మోడెం చూసి, "ఇంత చిన్న పెట్టెలోంచి వస్తాడా అమ్మాయిగారూ?" అని అడిగి, పక్కన రెండు అంగుళాలు ఎక్కువే చోటు వదిలాడు.

మొదటిరోజు పొద్దున పదింటికి కాలేజీ ల్యాబ్ నుంచి ఇన్‌స్పెక్టర్ని సాగనంపాను. ఒక్కో ఊళ్ళో లైన్లన్నీ పరీక్షించడానికి దానికి ముప్పావుగంట పడుతుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. మొదటి ఊళ్ళో ఏడు ఫాల్టులు. రెండో ఊళ్ళో ఏమీ లేవు. మూడో ఊళ్ళోనూ ఏమీ లేవు.

మర్నాడు మొదటి ఊళ్ళో కూడా ఏమీ లేవు.

ఆ తర్వాత ఎన్నాళ్ళు పంపినా అంతే. పదింటికి వెళ్ళడం, మధ్యాహ్నం ఖాళీ చేతులతో రావడం. వారం రోజులు ప్రోగ్రాంని అనుమానించాను. ఇంకో వారం మోడెంలని. మూడో వారం నన్ను నేను అనుమానించుకున్నాను. దానికి ఆధారాలు ఎక్కువే దొరికాయి.

గైడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎప్పుడూ తప్పు పట్టుకోని తనిఖీ ప్రోగ్రాం అసలు చూస్తోందని ఎక్స్‌టర్నల్‌కి ఎలా నమ్మకం కలుగుతుందమ్మా?"

మర్నాడు పొద్దున్నే కంకిపాడు బస్సెక్కి రెండో ఊరు వెళ్ళాను.

ఆపరేటరుగారు నన్ను చూసి సంతోషించి కుర్చీ వేశారు. పదింటికి ల్యాబ్‌లో నా స్నేహితురాలు ఇన్‌స్పెక్టర్ని వదులుతుంది. పదీ రెండు నిమిషాలకి ఇక్కడ ఫోన్ మోగింది.

"ఆఁ అన్నయ్యగారూ. వచ్చారా? సరే సరే, ఉంటానండీ," అని ఆవిడ ఫోన్ పెట్టేసి, కొంగు నడుముకి దోపి లేచారు.

ఆ తర్వాత ముప్పావుగంట నేను చూసింది నా థీసిస్‌లో ఏ చాప్టర్లోనూ లేదు. ఆవిడ బ్యాటరీల మూతలు తీసి నీళ్ళు పోశారు. చీపురుతో ఫ్యాన్ల మీది బూజు దులిపారు. ఎర్రదీపం వెలుగుతున్న కార్డు లాగి, బీరువాలోంచి ఇంకోటి తెచ్చి పెట్టారు. లైన్‌మేన్‌ని కేకేసి పెంకుటింటి వారి లైను చూసి రమ్మన్నారు. చివరికి తడిగుడ్డతో కంప్యూటర్ తెర తుడిచి, కూర్చుని, కొంగుతో మొహం అద్దుకున్నారు.

బీప్‌మంది. "ఇన్‌స్పెక్షన్ స్టార్టెడ్."

ఆవిడ లేచి నిలబడ్డారు.

నేను చూస్తున్నానని గుర్తొచ్చి, కాస్త సిగ్గుపడి కూర్చున్నారు. "అలవాటమ్మా," అన్నారు. ఆ వెంటనే ఫోన్ తీసి మూడో ఊరికి చేశారు. "తమ్ముడూ, నా దగ్గరున్నారు. నీకింకా ముప్పావుగంట ఉంది. ఆ మూల బ్యాటరీ సంగతి చూసుకో."

మా అమ్మ స్కూల్లో ఎన్నిసార్లు చూశాను ఇది! ఇన్‌స్పెక్టరు పక్క ఊరి బళ్ళో ఉండగానే మా బళ్ళో మ్యాపులు గోడలెక్కేవి. కంప్యూటర్ సైన్సు చదివి ఆ సంగతి మర్చిపోయాను.

"మరి మొదటి ఊరాయనకి ఎవరు చెబుతారండీ?"

"ఆయనకెవరు చెప్పాలమ్మా? నువ్వేగా రోజూ పదింటికి పంపుతావు. పాపం మొదటిరోజే దొరికిపోయారు. ఇంకా బాధపడుతుంటారు."

ఇక దాచి లాభం లేదని నా పరిస్థితి చెప్పాను. వైవా వచ్చేవారం. ఫాల్టు కనిపించకపోతే నా డిగ్రీ పోతుంది. ఒక్కటి, ఏదో చిన్నది, ఆ ఒక్కరోజుకి ఉంచమన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "మా ఎక్స్ఛేంజీలోనా? పరీక్షకి పెద్దవాళ్ళొస్తారు, అందరి ముందూ మా ఊరి పేరు తెర మీద పడాలా? ఉండు, అన్నయ్యగారిని అడుగుతాను. ఆయనకి ఒకసారి ఎలాగూ అయింది కదా."

ఫోన్లో పెద్దాయన గొంతు నాక్కూడా వినబడింది. "చెల్లెమ్మా, ఏడు ఫాల్టులు ఒక్కపూట మోసినవాణ్ణి. నా వాటా అయిపోయింది. తమ్ముణ్ణి అడుగు, కుర్రవాడు, తట్టుకుంటాడు."

మూడో ఊరికి చేశారు. అతనింకా సూటిగా చెప్పాడు. "పొద్దున్నే చేపల రేటు మా వాళ్ళందరికీ ఫోన్లోనే తెలియాలక్కా. నా చేత్తో నేను లైను చెడగొడితే మా బాబాయిలు నన్ను ఇంట్లోకి రానిస్తారా? అమ్మాయిగారికి కావలిస్తే రొయ్యలు పంపుతానని చెప్పు. వైవాకి వచ్చేవాళ్ళు తింటారా కనుక్కో."

రొయ్యలతో పాసయ్యే పద్ధతి యూనివర్సిటీలో అధికారికంగా లేదు. అలాగని ఎవరి మీదా కోపం రాలేదు.

జరిగిందంతా గైడు గారికి చెప్పాను. ఆయన నవ్వి, తర్వాత నవ్వడం ఆపి ఉపాయం చెప్పారు. "ఆ బీప్ లైను తీసెయ్. పదింటికి కాదు, భోజనాల వేళ పంపు. బుట్టెడు దొరుకుతాయి."

నిజమే. ఒక్క లైను. తీసేశాను కూడా. భోజనాల వేళ ఎంటర్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. ప్రోగ్రాం తెచ్చే మూట నకలు ఒకటి టెలిఫోన్ల పెద్దాఫీసుకి పంపాలన్నది ఒప్పందం. అందులో ఊరి పేరు ఉంటుంది. ఊళ్ళో ఎవరున్నారో వాళ్ళకి తెలుసు. తెర ముందు ఆవిడ లేచి నిలబడటం గుర్తొచ్చింది. అంతకు ముందురోజే మా అమ్మ ఫోన్ చేసింది. మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా స్పష్టంగా వినిపించింది. మా ఊరి ఫోన్లో దగ్గుకీ మాటకీ తేడా తెలియడం అదే మొదలు.

తీసేసిన లైను మళ్ళీ పెట్టేశాను. ఇది త్యాగం అనుకోవద్దు. ఆ రాత్రి నిద్ర పట్టక చాలాసేపు తిట్టుకున్నాను.

వైవాకి వచ్చినాయన టెలిఫోన్లలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఈ డెల్టా అంతా ఏళ్ళ తరబడి తనిఖీలు చేశారట. తెల్లటి ఇస్త్రీ బట్టలు, జేబులో రెండు పెన్నులు. నా నోట్‌బుక్కు తిరగేసి కనుబొమలు ముడిచారు.

"ఇన్ని ఫిర్యాదులా? ఈ ఎక్స్ఛేంజీలు నేను చూసినవేనమ్మా. ఎప్పుడు వెళ్ళినా అద్దంలా ఉండేవి. ఒక్క అలారం ఉండేది కాదు. ఇవి నువ్వు ఎక్కడినుంచి రాసుకొచ్చావ్?"

ప్రోగ్రాం తెచ్చిన సున్నాలని గైడు గారు నమ్మలేదు. ప్రోగ్రాంకి ముందున్న ఫాల్టులని ఈయన నమ్మడంలేదు. ఇక థీసిస్‌లో మిగిలింది అట్ట.

"పోనీ ఇప్పుడు పంపు, చూద్దాం. ఒక్కటైనా పట్టుకుంటుందా?"

"పట్టుకోదండీ," అన్నాను. ఎందుకు పట్టుకోదో కూడా చెప్పేశాను. ఆయన నమ్మలేదు. బల్ల మీది ఫోన్ నా వైపు జరిపి, స్పీకర్ నొక్కారు. రెండో ఊరికి చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టుంది.

"ఏమ్మా, ఇవాళ ఇంత ఆలస్యం చేశావు? అన్నయ్యగారి దగ్గర్నుంచి కబురే లేదు. బ్యాటరీలకి నీళ్ళు పోసి ఎంతసేపని కూర్చోను? పరీక్ష బాగా జరుగుతోందా?"

"జరుగుతోందండీ," అన్నాను.

ఆయన ముందుకి వంగారు. "నమస్కారమమ్మా. నేను ఆ పరీక్ష చేసేవాణ్ణి. ఇలా ముందుగా కబురు చేసుకోవడం ఈ ప్రోగ్రాం వచ్చాకే మొదలైందా?"

"అయ్యో, లేదండీ. ఎప్పట్నించో ఉందండీ. మనుషులు వచ్చే రోజుల్లో ఇంకా తేలిగ్గా ఉండేది. పెద్దాఫీసరు ఒకాయన వచ్చేవారండీ, మహా మంచాయన. కంకిపాడు సెంటర్లో జీపు ఆపి టీ తాగందే కదిలేవారు కాదు. అక్కడే మా లైన్‌మేన్ నిలబడి ఉండేవాడు. ఆయన టీ తాగేలోపు మేం అన్నీ సర్దేసేవాళ్ళం. రెండో టీ తాగితే నేల కూడా కడిగించేవాళ్ళమండీ."

ఆయన ఫోన్ దగ్గరికి ఇంకాస్త జరిగారు.

"రెండో టీ ఎవరు ఇప్పించేవారు?" అని అడిగారు.

"మా లైన్‌మేనేనండీ."

ఆయన స్పీకర్ ఆపేశారు. జేబులోంచి ఒక పెన్ను తీసి, పెట్టేసి, రెండోది తీశారు. నా నోట్‌బుక్కు మళ్ళీ మొదటినుంచి చదివారు. ఈసారి కనుబొమలు ముడవలేదు. తర్వాత థీసిస్ చివరి పేజీలో సంతకం చేసి, కింద ఒక వాక్యం రాశారు: రాకముందు తెలియజేసే ఏర్పాటు మార్చనక్కరలేదు.

నేను పాసయ్యాను. ఆ సంతోషంలో గైడు గారు క్యాంటీన్ నుంచి టీలు తెప్పించారు. కప్పు ముందు పెట్టగానే పరీక్షకుడు గారు దానివైపు కాసేపు చూసి, మెల్లిగా పక్కకి జరిపారు.

"వద్దులెండి," అన్నారు.