ముప్ఫై ఎనిమిది దాకా లెక్కపెట్టాం

మా బావ గురక నా ఫోన్లో నాలుగేళ్ళుగా ఉంది. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. ఒక మధ్యాహ్నం ప్రెస్సులో కరెంటు పోయి మిషన్లన్నీ ఆగిపోతే, ఆయన కాగితం కట్టల మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నది ఆయన్ని చూసే పుట్టించి ఉంటారని మేం అనుకునేవాళ్ళం. గురక మొదలైంది. బైండింగు ఆడవాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను ఫోను తీసి రికార్డు చేశాను.

ఆ రికార్డులో ఒకచోట గురక టక్కున ఆగిపోతుంది. అప్పుడొక గొంతు నెమ్మదిగా ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలుపెడుతుంది. పది దాటేసరికి మిగతావాళ్ళూ అందుకుంటారు. ముప్ఫై ఎనిమిది దగ్గర బావ ఒక్క పెట్టున గాలి ఎగబీలుస్తాడు, గురక మళ్ళీ మొదలవుతుంది, ప్రెస్సంతా గొల్లుమంటుంది. ఆ రోజునుంచీ ఆయన పేరు ఇంజన్. పనిలో కొత్తగా చేరినవాళ్ళకి భోజనాల దగ్గర ఆ రికార్డు వినిపించడం మాకో ఆనవాయితీ అయిపోయింది. బావ కూడా మాతోపాటు నవ్వేవాడు. నవ్వుతూనే చెయ్యి కడుక్కునే వంకతో లేచి వెళ్ళిపోయేవాడు.

ఇంజన్ అన్నా, ఇంకేమన్నా, పనిలో మాత్రం ఆయనకి సాటి లేరు. ఇరవై ఆరేళ్ళుగా కటింగ్ మాస్టారు. నా మిషను మీద అచ్చయిన కాగితాలు ఆయన దగ్గరికే వెళ్తాయి. దొంతరని బల్ల మీద తట్టి అంచులు సమం చేసి, కత్తి కిందికి తోసి, కొలత ప్రకారం కోస్తాడు. దొంతర అంచుని బొటనవేలితో ఒక్కసారి జారవిడిచి ఎన్ని కాగితాలున్నాయో చెప్పేస్తాడు, ఐదారు కంటే తేడా రాదు. ఈ పనిలో ఇన్నేళ్ళుండి పది వేళ్ళూ మిగుల్చుకున్నవాళ్ళు తక్కువ. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు, ఏం పని చేస్తావు బాబూ అని మా నాన్న అడిగితే ఆయన జవాబు చెప్పకుండా రెండు చేతులూ చాచి చూపించాడు. మా నాన్నకి ఏమీ అర్థం కాలేదు. నేను అప్పటికే ప్రెస్సులో ఉన్నాను కాబట్టి నాకు అర్థమైంది. ఇతనికి అక్కనివ్వొచ్చు అనుకున్నాను.

ఆ కటింగ్ మిషనుకి రెండు బటన్లుంటాయి, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే కత్తి కింద చెయ్యి ఉండే వీలు లేదు కదా, అదీ కిటుకు. కానీ మాది పాత మిషను. అట్టముక్క నాలుగు మడతలు పెట్టి ఎడమ బటన్ పక్కన దోపితే అది నొక్కుకునే ఉండిపోతుంది. ఇక కుడిచేత్తో కోస్తూ ఎడమచేత్తో కాగితం సర్దుకోవచ్చు. రోజుకి రెండు గంటల పని కలిసొస్తుంది. పనివాడు కానివాడికే రెండు బటన్లు కావాలి అనేవాడు బావ. ఓనరుగారు చూసీ చూడనట్టు ఉండేవారు. ఆ అట్టముక్క ఎప్పటిదంటే, మాసిపోయి మిషను రంగులో కలిసిపోయింది.

ఈ ఏడాది మొదట్లో ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగిన స్కూటరు మీద బావ నిద్రపోయి, స్కూటరుతో సహా పక్కకి ఒరిగిపోయాడు. మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఆయన నవ్వేశాడు గానీ మా అక్క నవ్వలేదు. ఆస్పత్రికి లాక్కెళ్ళింది. తలకీ ఛాతీకీ కాళ్ళకీ వైర్లు అంటించి ఒక రాత్రంతా అక్కడ పడుకోబెట్టారు. వారం తర్వాత రిపోర్టు తీసుకోవడానికి బావా అక్కా వెళ్తుంటే అక్కకి తోడుగా నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, తొందరలేకుండా చెప్పింది. స్లీప్ ఆప్నియా, అందులోనూ తీవ్రమైనది. నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకి యాభై ఎనిమిదిసార్లు ఊపిరి ఆగుతోంది. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది డెబ్భైనాలుగు సెకన్లు. రాత్రిపూట ముఖానికి మాస్కు పెట్టుకుని గాలి తోసే మిషను వాడాలి. దాని గాలి ఎంత ఉండాలో తేల్చడానికి ఇంకో రాత్రి పరీక్ష ఉంది, అది ఐదు వారాలకి గానీ ఖాళీ లేదు. అప్పటిదాకా పక్కకి తిరిగి పడుకోవాలి, నిద్రమాత్రలు ముట్టుకోకూడదు, బండి నడపకూడదు. అన్నీ చెప్పి, రాత్రిళ్ళు ఈయనకి ఊపిరి ఆగడం మీరెప్పుడూ గమనించలేదా అని అక్కని అడిగింది.

"ఆ గురక ఆగినప్పుడే కదండీ నాకు కాస్త నిద్ర పట్టేది," అంది మా అక్క.

అన్నాక తనేమందో తనకే అర్థమైంది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నేను నా జేబులో ఉన్న ఫోను మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. డెబ్భైనాలుగు, ముప్ఫై ఎనిమిది, ఈ రెండంకెలూ బస్సులో ఇంటికొచ్చేదాకా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. చెప్పొద్దూ, నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ రోజునుంచి మా అక్కకి నిద్ర లేదు. బావ బనీన్ల వెనక గుడ్డ జేబులు కుట్టి ఒక్కోదాంట్లో ఒక్కో రబ్బరు బంతి పెట్టింది, వెల్లకిలా తిరిగితే బంతి గుచ్చుకుని మళ్ళీ పక్కకి తిరుగుతాడని. గురక వినపడితే భయం లేదు. వినపడకపోతే మోచేత్తో పొడుస్తుంది. పెళ్ళయిన ఇరవైరెండేళ్ళకి మొగుడి గురక కోసం చెవులు రిక్కించుకునే ఆడదాన్ని నేనేనేమోరా తమ్ముడూ అంది ఒకరోజు. నవ్వించాలనే అంది, నాకు నవ్వు రాలేదు.

బావ మాత్రం బయటికి నిమ్మకు నీరెత్తినట్టే ఉన్నాడు. ఆగినా మళ్ళీ మొదలవుతోంది కదా, ఆగిపోయినప్పుడు చూద్దాంలే అనేవాడు. మీ అక్కనిచ్చి నా నిద్ర పట్టుకుపోయారు అని నన్ను దెప్పేవాడు. కానీ కళ్ళ కింద నల్లబడింది. ఒకసారి టీ తాగుతూ, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని అసలు మాట చెప్పాడు.

"పడుకోవాలంటే భయమేస్తోందిరా. ఇన్నాళ్ళూ తెలీదు కాబట్టి పడుకున్నాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే, ఈసారి మొదలవకపోతే అనిపిస్తుంది. లేచి కూర్చుంటాను. మీ అక్క లేస్తుందని మళ్ళీ పడుకున్నట్టు నటిస్తాను."

ఇద్దరూ ఒకే మంచం మీద ఒకరికోసం ఒకరు నిద్ర నటిస్తున్నారన్నమాట. టీ డబ్బులు నేనిచ్చాను.

రిపోర్టు చివరి పేజీ నేను చదివింది ఆ తర్వాతే. అది ఇంగ్లీషులో ఉందని, ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని తిప్పలేదని, ఓసారి చూడమని అక్క ఇచ్చింది. తెలిసిన సంగతులే అనుకుంటూ చూస్తుంటే అడుగున ఒక వాక్యం కనపడింది. చికిత్స మొదలయ్యేదాకా ప్రమాదకరమైన యంత్రాల దగ్గర పనిచేయకూడదు. పక్కనే బావ సంతకం. అంటే ఆ రోజు చివర్లో మమ్మల్ని బయటికి పంపి డాక్టరమ్మ ఆయనొక్కడికీ చెప్పింది ఇదే, సంతకం కూడా పెట్టించుకుంది, ఆయన ఇంట్లో నోరు మెదపలేదు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తెలిసినవే ఉన్నాయక్కా అని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకు ఇప్పటికీ తెలీదు.

మర్నాడు ప్రెస్సులో నిలదీశాను. ఆయన బుకాయించలేదు. బడి పుస్తకాల పని నెత్తి మీదుంది, ఇప్పుడు తప్పుకుంటే ఓనరుగారు ఇంకో మాస్టారుని తెచ్చుకుంటారు, వచ్చినవాడు మళ్ళీ పోతాడా అన్నాడు. ఇంకా నాలుగు వారాలేగా, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయన్నాడు. నీ కళ్ళు మూసుకోవడమే కదా బావా భయం అన్నాను. దానికి ఇద్దరం నవ్వాం, ఆ నవ్వుతో నా కోపం కాస్తా చల్లారిపోయింది. మా ఇద్దరి మధ్యా ఏ మాటైనా అలా వేళాకోళంలోకి జారిపోవడం మొదటినుంచీ ఉంది. అదే కొంప ముంచుతుందని నాకు తెలియాల్సింది. కనీసం ఆ అట్టముక్కైనా తియ్యి అని బతిమాలితే నా ఎదుటే తీసి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్న చూస్తే మళ్ళీ అక్కడే ఉంది.

నేను ఓనరుగారికి చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. నా మిషను దగ్గరున్నా ఒక చెవి మాత్రం కటింగ్ మిషను మీదే ఉండేది. దానికొక వరస ఉంది. అదుముడు బద్ద కాగితం మీదికి దిగినప్పుడు దబ్బున చప్పుడు, కత్తి దిగినప్పుడు కర్రుమని, కాగితం తిప్పుకున్నంతసేపు ఖాళీ, మళ్ళీ దబ్బు. పదకొండు రోజులు ఆ వరస వింటూనే పనిచేశాను.

పన్నెండో రోజు భోజనాలయ్యాక రోలర్లు తుడుస్తున్నాను. కర్రుమంది, తర్వాత ఖాళీ వచ్చింది. దబ్బు రాలేదు. నాకు తెలియకుండానే నోట్లో లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర నేనేం చేస్తున్నానో నాకు తెలిసొచ్చింది. గుడ్డ పడేసి పరిగెత్తాను.

బావ నిలబడే ఉన్నాడు. నుదురు మిషను పైకమ్మీకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎడమచెయ్యి కత్తి కింద కాగితం మీద పరుచుకుని ఉంది. కుడి అరచెయ్యి బటన్ మీద ఉంది. రెండో బటన్‌కి అట్టముక్క దోపే ఉంది. బావా అని గొంతుదాకా వచ్చింది, మింగేశాను. పిలిస్తే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే కుడిచెయ్యి నొక్కుతుంది. అడుగు చప్పుడు కాకుండా గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్చి దించాను. మిషను హోరు ఆగింది. ఆ నిశ్శబ్దానికే ఆయన ఉలిక్కిపడి లేచాడు.

నేననుకున్నట్టే కుడిచెయ్యి బటన్‌ని నొక్కింది. టిక్కుమంది. కత్తి కదల్లేదు.

ఆ టిక్కు ఆయనా విన్నాడు. కత్తి కింద ఉన్న తన ఎడమచేతిని అలాగే చూస్తూ ఉండిపోయాడు, వెనక్కి తీసుకోవాలని కూడా తోచలేదు. నేనే మణికట్టు పట్టుకుని బయటికి లాగాను. కాసేపటికి ఎడమ బటన్ దగ్గరికి వెళ్ళి అట్టముక్క పీకి నా చేతిలో పెట్టాడు. రిపోర్టు నీ దగ్గరుందా అని అడిగి, తీసుకుని, తనే ఓనరుగారి గదిలోకి వెళ్ళాడు.

ఓనరుగారు కేకలేశారో లేదో బయటికి వినపడలేదు. బావని బైండింగు బల్ల దగ్గర కాగితాలు ఎంచడానికి మార్చారు. ఇంకో ప్రెస్సునుంచి వేరే మాస్టారు వచ్చాడు. తిరిగి కత్తి దగ్గరికి రానిస్తారా అని నేనడిగితే, ముందు మనిషి బాగుపడనీ చూద్దాం అన్నారు ఓనరుగారు. అది ఔనో కాదో ఇవాళ్టికీ తేలలేదు. ఆ సాయంత్రం అక్కకి మొత్తం చెప్పేశాం. ఆయన్ని ఏమీ అనలేదు. నావైపు తిరిగి, చదివి కూడా దాచావురా అంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు, దానికి నేను అర్హుణ్ణే.

కొత్త మాస్టారు వచ్చిన మర్నాడు భోజనాల దగ్గర, జరిగింది సరిగ్గా తెలియని ఒకాయన, ఇంజన్ రికార్డు వెయ్యవయ్యా అన్నాడు. ఆనవాయితీ కదా. బైండింగు ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. నేను ఫోను ఇంట్లో మర్చిపోయానని అనబోతున్నాను. బావే అన్నాడు వెయ్యరా అని. నేనెప్పుడూ పూర్తిగా వినలేదు, మధ్యలో లేచిపోయేవాణ్ణి, వెయ్యి అన్నాడు.

వేశాను. గురక వచ్చింది, ఆగింది. ఫోన్లో లెక్క మొదలైంది. బావ తింటున్న చెయ్యి ఆపి, తల కాస్త వంచి విన్నాడు. ఇరవై దగ్గర ఆయన పెదాలు కూడా కదిలాయి. ముప్ఫై దాటాక ఆయన ఊపిరి బిగబట్టాడని నాకు తెలిసింది. ముప్ఫై ఎనిమిది. ఫోన్లో అందరం గొల్లుమన్నాం. గదిలో ఎవరూ నవ్వలేదు.

"ముందు మొదలుపెట్టిన గొంతు ఎవరిదిరా?" అన్నాడు బావ.

"నాదే బావా."

ఆయన తలూపాడు. మెతుకులు రెండు వేళ్ళతో దగ్గరికి తీసుకుంటూ, "అంత చక్కగా లెక్కపెట్టినవాడివి, ఒక్కసారి లేపకపోయావా," అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

మాస్కు పరీక్షకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. మధ్యాహ్నాలు ఆయన్ని కాగితం కట్టల మీద ఓ అరగంట పడుకోమంటున్నాను. నువ్వు పక్కన కూర్చుంటే పడుకుంటాను అంటాడు. పక్కకి తిరిగి, పది వేళ్ళూ చెంప కింద పెట్టుకుని పడుకుంటాడు. నేను కట్ట మీద కూర్చుని వింటాను. గురక ఆగితే లెక్కపెడతాను, పైకి కాదు, మనసులోనే. పది దాటనివ్వను. భుజం మీద చెయ్యి వేసి బావా అని పిలుస్తాను.