గోడకు సున్నం

ఎన్నికల రోజులు. ఖిదిర్‌పూర్ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు మోచేతుల దాకా సున్నం మరకలున్నాయి. కండక్టరుతో నేను మాట్లాడిన బెంగాలీ వినగానే తెలుగువాడినని పోల్చుకున్నాడు. తాను వార్డు కౌన్సిలర్‌నని, ఎర్రజెండా తరఫున మళ్లీ నిలబడ్డానని చెప్పాడు.

"ప్రచారం రాతలకి ముందు సున్నమేసిన పార్టీదే గోడ, బాబూ. తగువులొద్దని ఆ కట్టుబాటు నేనే పెట్టించాను. మొన్న వార్డంతా సున్నాలేసి ఇంటికెళ్తే, మా గోడ మీద ఎదటి పార్టీ గుర్తుంది."

"చెరిపేశారా?"

"ఎలా చెరుపుతాను? కట్టుబాటు నాదే కదా."

"ఇంట్లోవాళ్లు అడ్డుపడలేదా?"



"మా ఆవిడే ఆళ్లని రమ్మంది. ఇంటికి సున్నమెయ్యమని ఏళ్ల తరబడి నన్నడిగింది. ఆళ్లు నాలుగు పక్కలా ఏసి ఎళ్లారు. టీలు కూడా ఇచ్చిందట."

"మరి ఓటు?"

"వార్డుతో బెంగలేదు. ఇంట్లో ఓటే అనుమానం," అంటూ దిగిపోయాడు.

ఆయన గెలిచాడో లేదో నాకు తెలియదు. ఆ ఆదివారం మాత్రం నేను పొద్దున్నే సున్నం కలిపి, కుంచె పట్టుకుని మా ఇంటి గోడ దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి, ఎలక్షన్లో నిలబడతన్నారా?"