గుప్‌చుప్ బండి దగ్గర గొడవ

ఈ హిందీ ఊళ్లో పెరిగిన తెలుగువాళ్లం, మా ముగ్గురిదీ బడి రోజుల నాటి స్నేహం. ఒకతె సెక్టర్ 7లో మా వెనక వీధి క్వార్టర్లోనే ఉంటుంది, ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రెండో ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నేను హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేటలో ఒక చిన్న వర్క్‌షాపులో స్టోర్ చూసుకుంటాను. మా స్టోరు గది గోడకి అవతలే ప్రెస్సులూ గ్రైండర్లూ పొద్దస్తమానం మోగుతూ ఉంటాయి.

ఒక చలికాలం సాయంత్రం వాళ్లిద్దరూ మార్కెట్లో గుప్‌చుప్ బండి దగ్గర గట్టిగా అరుచుకున్నారని పక్కింటావిడ చెప్పింది. పానీపూరీని మేం గుప్‌చుప్ అంటాం. ఆ బండి దగ్గరికి ఎప్పుడూ ముగ్గురం కలిసే వెళ్తాం. ఈసారి నన్నెందుకు పిలవలేదు? గొడవ కంటే ముందు నాకు అదే గుచ్చుకుంది.

మర్నాడు కుట్టు ఆమె ఇంటికి వెళ్లాను.

"ఏటయిందే మీ ఇద్దరికీ?"

ఆమె మిషన్ ఆపి కాసేపు దారం సరిచేసుకుంది. "జాకెట్ పాడుసేసేనంట. సంకల దగ్గర బిగువైపోనాదంట. అందరి ముందూ అరిసీసింది."

సరేనని నర్సు దగ్గరికి వెళ్లాను. ఆమె వేరే సంగతి చెప్పింది. "మా అమ్మాయికి తెలుగు నేర్పలేదని, అన్నీ హిందీలోనే మాట్లాడుతుందని వెక్కిరించింది. నాకు మండింది. అప్పట్నించీ మా మధ్య మాటల్లేవు."

అప్పుడు ఆమె ఒంటి మీదున్నది ఆ కొత్త జాకెట్టే. ఎక్కడా బిగువు లేదు. ఇక కుట్టు ఆమె కొడుకు నన్ను "ఆంటీజీ, నమస్తే" తప్ప ఇంకో మాటతో పలకరించి ఎరగడు. అలాంటిది ఆమె ఇంకొకరి పిల్లకి తెలుగు రాదని వెక్కిరిస్తుందా? ఇద్దరూ అబద్ధమే చెప్పారు. పైగా మాట్లాడుకోవడం మానేశామన్నవాళ్లు, ఆదివారం నేను కూరగాయలు కొంటూ తల తిప్పేసరికి టమాటాల బుట్ట దగ్గర తలలు దగ్గర పెట్టుకుని కనిపించారు. నన్ను చూసి చప్పున విడిపోయారు.

అసలు ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. వర్క్‌షాపులో సూపర్‌వైజరు నా వైపు చూస్తూ ఏదో గొణిగేవాడు. ఏమన్నారని అడిగితే చిరాకుపడేవాడు. ఇంట్లో మా అబ్బాయి మాట సగంలో ఆపి "ఛోడో మమ్మీ, వదిలెయ్" అని లేచిపోయేవాడు. ఇప్పుడు వీళ్లు కూడానా? నా సంసారం గురించి ఏం విన్నారో, ఏం అంటున్నారో అని రకరకాలుగా ఊహించుకున్నాను. అన్నం సయించేది కాదు.

చివరికి గుప్‌చుప్ బండి భయ్యానే అడిగాను. మా కళ్ల ముందు ముసలివాడైన మనిషి, మా తెలుగు కూడా పట్టుబడింది, ఎవరి పక్షమూ కాదు. ఆ రోజు వాళ్లు దేనికి కొట్లాడుకున్నారని అడిగితే అతను తల దించుకుని గిన్నె కలుపుతూ ఏదో అన్నాడు. పక్కన చౌమీన్ నూడుల్స్ బండి వాడు పెనం మీద గరిటె వాయిస్తున్నాడు.

"క్యా?" అన్నాను.

మళ్లీ అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాను. అతను గిన్నె పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, తన చెవి పట్టుకుని చూపించాడు.

"ఇసీ కీ బాత్ థీ, దీదీ. మీ చెవుల గురించే. ఒకామె మీకు చెప్పేద్దాం అంది, ఒకామె వద్దంది."

కొన్నాళ్లుగా టీవీ సౌండు పెంచుతున్నది నేనే. అందరూ గొణుగుతున్నారని అనుకుంటున్నదీ నేనే.

ఇద్దరినీ మా ఇంటికి పిలిపించాను. "నిజం సెప్పండి. నాకు సెవుడొచ్చిందనా మీ గొడవ?" అన్నాను. కుట్టు ఆమె ఏడ్చేసింది. నర్సు నా ఎదురుగా కుర్చీ లాక్కుని, ఒక్కో మాటా విడివిడిగా, నా కళ్లలోకి చూస్తూ చెప్పింది. చాలా రోజులుగా గమనిస్తున్నారట. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదట. నాకు చెబితే అది వర్క్‌షాపులో బయటపడి నా ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డారట.

నాకు వాళ్ల మీద కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది. ఇన్నాళ్లూ వీళ్ల గురించి నేను ఎన్ని అనుకున్నాను!

మరుసటి వారం పరీక్ష చేయించుకున్నాను. రెండు చెవులకీ వినికిడి బాగా తగ్గిందని, మిషన్ల మోత వల్ల కావచ్చని డాక్టరు చెప్పి చెవి యంత్రాలు పెట్టించాడు. వర్క్‌షాపులో నేనే వెళ్లి విషయం చెప్పాను. సూపర్‌వైజరు, "అదా సంగతి! నన్ను లెక్కచెయ్యడం లేదనుకున్నాను" అన్నాడు. ఉద్యోగం ఉంది. మా అబ్బాయి ఇప్పుడు మాట సగంలో ఆపడం లేదు.

తేలనిది ఒకటే. చెప్పేద్దామన్నది ఎవరు, వద్దన్నది ఎవరు? కుట్టు ఆమెని అడిగితే "నానే సెప్పీద్దామన్నాను, అదే ఆపింది" అంటుంది. నర్సూ అచ్చం అలాగే ఒట్టేసి మరీ చెబుతుంది. ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఆ ఊసు ఎత్తరు. నేను టీ ఇచ్చి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఉంటాను.