యుస్తీనా వదిన లైబ్రరీ, కోళ్ళ ఇనుప టోపీ

మా యుస్తీనా వదినంత మొండిమనిషిని నేనెక్కడా చూడలేదు. మా అన్న పోయాక బేకరీ అమ్మేసి హాయిగా కూర్చోమని ఊరంతా చెప్పింది. వింటే కదా! రొట్టెల మీద మిగిలిందంతా తీసుకెళ్ళి పుస్తకాల మీద పోసింది. పోనీ వంటల పుస్తకాలా అంటే కాదు, ప్రేమకథలా అంటే అవీ కాదు. అన్నీ యుద్ధం పుస్తకాలే. మా సోచా లోయలో వందేళ్ళ కిందట ఇటలీ వాళ్ళూ ఆస్ట్రియా వాళ్ళూ కొట్టుకు చచ్చారే, ఆ యుద్ధం.

దీనికంతటికీ కారణం ఒక ముసలాయన. రొట్టె కొనడానికొచ్చి జేబులోంచి ఫోటో తీశాడు. "మా తాత ఈ కొండ మీదే పోయాడటమ్మా. ఎక్కడో మీకేమైనా తెలుసా?" అన్నాడు. వదినకి తెలియదు. ఆయన కొన్న రొట్టె కూడా అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా వదిన ఒక పుస్తకం తెప్పించింది. తర్వాత ఇంకోటి. చివరికి బేకరీ పైన పిండి బస్తాల గది కాస్తా లైబ్రరీ అయిపోయింది. బస్తాలు మెట్ల కిందకి మోసింది మాత్రం నేను. ఆవిడకేం, మహారాణి!

"సర్కారుని సాయం అడగొచ్చుగా వదినా?" అన్నానొకసారి.

"అడిగితే డబ్బుతో పాటు ముక్కు కూడా దూరుస్తారు మిల్కా. నా రొట్టెలు చాల్లే నాకు."

గదిలో ఎడమ గోడకి ఆస్ట్రియా అర, కుడి గోడకి ఇటలీ అర, ఎదురెదురుగా ఉంటాయి. కింద పొయ్యి వేడికి శీతాకాలం వచ్చినవాళ్ళు ఒక పట్టాన లేవరు. ఆస్ట్రియా అర కిక్కిరిసిపోయింది. ఇటలీ అర మాత్రం సగానికి సగం ఖాళీ. వాళ్ళ పటాలాలు తమ కోసం అచ్చేసుకున్న పుస్తకాలు బజార్లో దొరికేవి కావు. సరిహద్దు అవతలనుంచి ఎవరైనా వచ్చి తమ ముత్తాత గురించి అడిగితే వదిన తలొంచుకునేది. నాకు ఆవిడ మొహం చూడాలంటే బాధగా ఉండేది.

ఆ పుస్తకాలన్నీ సరిహద్దు అవతల, ఇటలీలోని చివిదాలె ఊళ్ళో ఎర్మెస్ గారి దగ్గరున్నాయని తెలిసింది. రిటైరైన బడిపంతులు, వెనకా ముందూ ఎవరూ లేరు. పట్నంలో ఒక పెద్ద మ్యూజియం ఆయన వెంట పడుతోందట. "ముందు మీ లైబ్రరీ చూస్తాను. నా పుస్తకాలకి గౌరవం దక్కే చోటైతేనే ఇస్తాను" అని కబురు పంపారు.

ఇంకేముంది, ఇల్లు ఇల్లంతా కడిగాం. గోడలకి సున్నం వేశాం. మేము పూలు పెట్టుకునే, ఆ యుద్ధం నాటి ఫిరంగి గుళ్ళ ఇత్తడి గొట్టాలు తళతళలాడేలా తోమాం. పెరడు కూడా ఊడ్చాం. వదిన బంగాళాదుంపలూ చీజూ కలిపి ఫ్రికా వేయించి, అక్రోటు ముద్ద కూరిన ష్ట్రుక్లీ కుడుములు ఉడకబెట్టింది.

ఎర్మెస్ గారు సన్నగా, ఇస్త్రీ కోటులో వచ్చారు. చేతులు కడుక్కుని మరీ పుస్తకాలు ముట్టుకున్నారు. ఒకటి ముక్కుకి ఆనించుకుని "రొట్టె వాసన!" అని నవ్వారు. ఖాళీగా ఉన్న ఇటలీ అర మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. వదిన నా వైపు చూసి కన్నుగీటింది. పని అయిపోయిందనుకున్నాను.

భోజనమయ్యాక పైపు కాల్చుకోవడానికి పెరట్లోకి వెళ్ళారు. వెళ్ళడమేమిటి, పెద్ద కేక!

"ఏమిటిది?"

మా కోళ్ళు నీళ్ళు తాగే గిన్నె. ఇటలీ సైనికుడి ఇనుప టోపీ, చిల్లులకి అడుగున తారు పూసి ఉంటుంది. ఆ పొద్దున్నే వదిన దాన్ని శుభ్రంగా తోమి మంచినీళ్ళు కూడా పోసింది. మా కళ్ళకి అది కోళ్ళ గిన్నె, అంతే. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు, మా బుద్ధి మండ!

"దీని కింద ఒక కుర్రాడి తల ఉండేదమ్మా! ఇదా మీ గౌరవం? నా పుస్తకాలు ఎలకలు తిన్నా ఫరవాలేదు, ఇక్కడికి మాత్రం రావు!"

క్షమించమని అడుగు వదినా అని మోచేత్తో పొడిచాను. అడిగితే ఆవిడ యుస్తీనా ఎందుకవుతుంది? ఆయన్ని పేడగుంట దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పొడుగాటి కర్రకి బిగించిన ఆస్ట్రియా టోపీ ఉంది. పేడనీళ్ళు తోడుకునేది.

"మీవాళ్ళది మంచినీళ్ళకి, వాళ్ళది పేడకి. మీకే మర్యాద ఎక్కువ జరిగిందండీ," అంది.

ఆయన నవ్వలేదు. వదిన గొంతు తగ్గించింది.

"యుద్ధమయ్యాక మా అత్తగారి అత్తగారు తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, వాకిలి లేదు, వండుకోవడానికి గిన్నె లేదు. పొలం నిండా ఈ టోపీలే. ఏం చెయ్యమంటారు, దణ్ణం పెట్టుకుంటూ కూర్చోమంటారా? కోళ్ళకి పెట్టింది. మళ్ళీ ఒక్క పిల్లాడి తల మీదకి దాన్ని పోనివ్వలేదు మేము. ఇంతకంటే గౌరవం నాకు చేతకాదు."

ఆయన తన గుడ్డ టోపీ తలకి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు వదిన ఒక వాయి రొట్టెలు మొత్తం మాడ్చేసింది. "నా నోరు పడిపోనూ! ఆ అర ఇంక జన్మలో నిండదు మిల్కా," అని ఏడ్చింది. నాకు తిట్టాలనిపించింది గానీ, ఆవిడ ఏడుపు చూసి మాడిన రొట్టెలు నేనే ఎత్తి పారేశాను.

చెర్రీలు పండే రోజుల్లో మా వాకిట్లో చిన్న లారీ ఆగింది. నిండా పెట్టెలు. డ్రైవర్ పక్కనుంచి ఎర్మెస్ గారు దిగారు, చంకలో గుడ్డమూట.

"మ్యూజియం వాళ్ళు పుస్తకం ముట్టుకోవాలంటే అర్జీ పెట్టుకోవాలన్నారు. ఇక్కడైతే రొట్టె వాసనైనా వస్తుంది," అన్నారు. వదిన పిండి చేతులు దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

ఆయన నేరుగా పెరట్లోకి వెళ్ళి మూట విప్పారు. అదీ ఇటలీ టోపీయే.

"మా తాత తమ్ముడిది. ఆయన రాలేదు, ఇది వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళు మూడు తరాల పాటు దీన్ని తుడుస్తూ ఏడ్చారమ్మా. చాలు."

కోళ్ళ ముందు దాన్ని వెల్లకిలా పెట్టి, బకెట్‌లోంచి నీళ్ళు పోశారు. నీళ్ళన్నీ కారిపోయాయి. నుదుటి దగ్గర వేలు పట్టేంత రంధ్రం.

వదిన లోపలికెళ్ళి ఏప్రన్ నిండా మొక్కజొన్న గింజలు తెచ్చి అందులో పోసింది.

"నీళ్ళు నిలవకపోతే ఏమండీ, గింజలు నిలుస్తాయిగా."

కోళ్ళు ఎగబడ్డాయి. "నెమ్మది, నెమ్మది! అందరికీ ఉంది," అంటూ ఎర్మెస్ గారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళిద్దరూ అక్కడే కూర్చుండిపోయారు. పెట్టెలన్నీ పైకి నేనే మోశాను. ఆ ఒక్క రోజు మాత్రం సణగలేదు.