సైరన్ ఆగాక సార్ చెప్పిన మాట

మా నాటకాల సార్ మొన్న పోయారు. సంతాప సభలో ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాలుగేం ఖర్మ, ఎన్నైనా ఉన్నాయి. కానీ ఒక్క చేదు మాటను మింగేసి అవన్నీ చెప్పడం నా వల్ల కాదు.

గోదావరిఖనిలో మా కాలనీ పిల్లలకు నలుగురిలో నోరు పెగిలిందంటే ఆయన చలవే. సాయంత్రాలు క్లబ్బులో రిహార్సల్, అయ్యాక ఆయన ఖర్చుతోనే చాయ్, బిస్కెట్లు. మధ్యలో బొగ్గుబాయి సైరన్ మోగితే ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోవాలి. "సైరన్ మీదికెళ్లి ఒర్లకుండ్రి. అది ఆగనీ. ఎవల వంతో వాళ్లే మాట అందుకోవాలె" అనేవారు. మాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఏటా ఒకటే నాటకం. పగబట్టిన రెండు కుటుంబాలు, చాటుగా ఒకరినొకరు పెళ్లాడిన ఆ ఇళ్ల పిల్లలు, ఆ పిల్లలకు సలహా చెప్పే సన్యాసి. మా అక్క నాయిక, సార్ సన్యాసి. చివర్లో ఆ సలహా బెడిసికొట్టి పిల్లలిద్దరూ చచ్చిపోతారు. కాపలావాళ్ల అలికిడి వినగానే సన్యాసి పరుగో పరుగు.

"తప్పంత సన్యాసిదే గద సార్?" అని అడిగానొకసారి.

"సలహ మంచికే చెప్పిండు బిడ్డా."

"మరెందుకు ఉరికిండు?"

"భయమైంది. భయపడుడు గూడ తప్పేనా?" అని నవ్వారు. పిచ్చిదాన్ని, నేనూ నవ్వేశాను.

అక్క చర్చికి పోయే ఇంటి అబ్బాయిని ఇష్టపడింది. సార్‌కొక్కరికే చెప్పుకుంది. "పిల్లగానికి వాళ్ల బాపు నౌకరి రానీ. గప్పటిదాక నోరు మెదపకు. మీ బాపుతోని నేను మాట్లాడుత" అన్నారు. బాయిలో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి వచ్చే నౌకరి అది. దానికోసం మా దగ్గర పెళ్లిళ్లే ఆగుతాయి. అక్క నోరు మెదపలేదు. ఈలోగా బాపు బెల్లంపల్లి సంబంధం మాట్లాడొచ్చాడు. అప్పుడు బయటపడింది అక్క: "సార్‌ను అడుగు బాపూ, ఆయనకంత తెలుసు."

బాపు సార్‌ను పిలిపించి కుర్చీ వేశాడు. కులపెద్దలు గుమ్మంలో నిలబడ్డారు. "ఎవలేమన్న అననీ సార్. మీరు మంచోడంటే గా పిల్లగానికే ఇస్త" అన్నాడు. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. అలవాటుకొద్దీ అందరం ఆగాం. అక్క తలుపు పట్టుకుని ఆయన్నే చూస్తోంది. సైరన్ ఆగింది.

"నాకేం తెల్వదన్నా" అన్నారు సార్, గుమ్మం వైపు చూస్తూ.

అంతే, అక్క అబద్ధాలకోరు అయిపోయింది. బెల్లంపల్లి కోడలైంది. తన్నులు తినీ తినీ బట్టల సంచితో తిరిగొచ్చింది. సార్ మా గల్లీలోకి రావడమే మానేశారు. ఆయన సలహా మీద నాకు కోపం లేదు. భయం ఎవరికి లేదు? కానీ నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి దాన్ని తెలియదనేశాడే, అది నాకింకా మండుతూనే ఉంది.

అంత్యక్రియలకు అక్క రాదనుకున్నాను. వచ్చింది. పాడె ఎత్తగానే సైరన్ మోగింది. మోసేవాళ్లంతా ఆయన శిష్యులే, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కూత సన్నగిల్లింది, ఆగింది. పాడెకు ఎదురుగా అక్క ఇంకా కదల్లేదు. ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది, వంతు ఆయనదే అన్నట్టు.